సార్ చెప్పమన్నారు

"నాలుగు లైన్లు చాలు. ఎక్కువ రాస్తే భయపడ్డాననుకుంటారు," అన్నాడు భర్త, వంగి బూటు లేసు కట్టుకుంటూ.

ఆమె చేతిలో టిఫిన్ డబ్బా మూత ఉంది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన ఏది అడిగినా ఇలా బూటు లేసు దగ్గరే అడిగాడు. ఎదురుగా కూర్చుని అడిగితే సాయం అడిగినట్టవుతుంది. నిలబడి అడిగితే హుకుం జారీ చేసినట్టవుతుంది. వంగి, నేలకేసి చూస్తూ అడిగితే అసలు అడిగినట్టే ఉండదు. కాదందామన్నా అవతలివాళ్లకి ఒక మొహమంటూ కనబడదు.

"ఏమని రాయాలి?" అంది, తెలిసే.

"అదే. ఆ రోజు కాన్పు గదికి తాళం వేయమని నేనెవరికీ చెప్పలేదని. ఆ గొడుగు సిస్టరు తన ఇష్టానికి తాళం పెట్టి ఊళ్లోకి వెళ్లిపోయిందని. రేపు పదింటికి విచారణాధికారి వస్తున్నారు, పొద్దున్నే ఇచ్చెయ్యాలి. నీ ధోరణిలో రాయి. నువ్వు రాస్తే చదివినవాళ్లకి ఇంక ప్రశ్న అడగబుద్ధెయ్యదు."

అది పొగడ్తే. పొగడ్తల విషయంలో ఆయన పిసినారి కాదు. నలుగురిలోనూ పొగుడుతాడు. పోయిన వారం 'ఉత్తమ జిల్లా' షీల్డు తెచ్చి హాల్లో అద్దాల బీరువాలో పెట్టినప్పుడు, చూడ్డానికొచ్చిన వాళ్లందరితో, "దీని వెనకాల మా ఆవిడ చేతివంట ఉందండీ" అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి అందరికీ టీ ఇచ్చింది. ఆ షీల్డు ఏ ప్రణాళికకి ఇచ్చారో ఆ ప్రణాళిక నూట పద్ధెనిమిది పేజీలు. అందులో ఆయన చేతిరాత ఉన్నది ఒక్క చోటే, చివరి పేజీలో, సంతకం.

ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే సంగతి ఇంత దూరం వచ్చేదే కాదు, ఆమె ఎప్పుడో చేతులెత్తేసి ఉండేది. డాక్టరుగా ఉన్నంతకాలం మంచి డాక్టరు. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల పొట్ట మీద చెయ్యి వేస్తే ఏడుపు ఆగిపోయేది. అలాంటి మనిషికి పదోన్నతి ఇచ్చి జిల్లా ఆరోగ్యాధికారి కుర్చీలో కూచోబెట్టారు. చేతికింద నలభై రెండు ఆరోగ్య కేంద్రాలు, టీకాలు, క్షయ మందులు, దోమల పొగ, బాలింతల పథకం, కారే పైకప్పులు, రాని నిధులు. ఏ రోగానికీ భయపడని మనిషికి కాగితం చూస్తే చెమటలు పట్టేవి. మొదటి నెల నివేదికని ఇంటికి తెచ్చి, ప్రాణం మీదికొచ్చిన రోగిని దింపినట్టు మెల్లగా భోజనాల బల్ల మీద దింపాడు. "కూడికలు ఒక్కసారి చూడవా? నువ్వు గణాంకశాస్త్రం చదివావు కదా," అన్నాడు. చదివింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఒకరు గుర్తుచేయడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆ సంబరంలో కూడికలు చూసింది. చూస్తే తప్పులు కనబడ్డాయి. తప్పులు దిద్దుతుంటే అసలు ఆ పట్టిక వేసిన తీరే తప్పని కనబడింది. పట్టిక మార్చింది. మార్చిన మనిషికే అది నింపడం తెలుసు కాబట్టి తనే నింపింది. రెండో ఏడు వార్షిక ప్రణాళిక రాసింది. మూడో ఏడు ఏ కేంద్రానికి ఎన్ని మందులో తేల్చింది. ఇలా పదకొండేళ్లు. ఎక్కడ మొదలైందో తెలుసు గానీ, కూడికలు చూడటం ఆగిపోయి జిల్లా నడపడం ఏ రోజు మొదలైందో ఆమెకి కూడా గుర్తులేదు.

వంటింటి అలమర తలుపు లోపలి వైపున జిల్లా పటం అంటించుకుంది. లోపలి వైపున ఎందుకంటే, బయట అంటిస్తుంటే అత్తగారు చూశారు. "మగాడి ఆఫీసు పటం వంటింట్లో ఏమిటమ్మా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు. ఏమనుకుంటారు, ఉన్నదే అనుకుంటారు. కానీ ఆ మాట పైకి అనలేదు. పంచదార డబ్బా కోసం తలుపు తీసినప్పుడల్లా నలభై రెండు చుక్కలు ఆమె మొహం మీదికి వచ్చేవి. ఏ చుక్క దగ్గర పంపు పాడైందో, ఏ చుక్క దగ్గర టీకాల ఫ్రిజ్ తలుపుకి ఇటుక అడ్డం పెడతారో, ఏ నర్సుకి మోకాళ్ల నొప్పులో, ఏ డ్రైవరు రోగిని ఆసుపత్రి గేటు దగ్గరే దించేసి జారుకుంటాడో ఆమెకి తెలుసు. ఆ నలభై రెంటిలో ఒక్కదాని గడప కూడా ఎప్పుడూ తొక్కలేదు.

ఇక ఫోను. ఊళ్లల్లో పనిచేసే నర్సులు ఆఫీసుకి చేస్తే సూపరింటెండెంటు ఎత్తి "కాగితం పెట్టండి" అనేవాడు. సార్ సెల్లుకి చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఇంటికి చేస్తే అమ్మగారు పలికేవారు. మొదట్లో ఆమె నిజంగానే వెళ్లి ఆయన్ని అడిగేది. ఆయన పేపరు పక్కన పెట్టకుండానే, "నువ్వే ఏదో ఒకటి చెప్పు," అనేవాడు. కొన్నాళ్లకి వెళ్లడం మానేసింది. కానీ టక్కున జవాబు చెబితే బాగుండదు కదా. అందుకని రిసీవరు బల్ల మీద పెట్టి, ఇరవై దాకా లెక్కపెట్టి, ఆ లోపు పొయ్యి మీది కూర ఒకసారి కలిపి వచ్చి, "సార్ చెప్పమన్నారు" అని మొదలుపెట్టేది. అబద్ధమెందుకు, ఆమెకి అది ఇష్టంగానే ఉండేది. ఎక్కడో కొండవారన కరెంటు పోయిన గదిలో ఒక నర్సు తన మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడి ఉందన్న ఊహ ఇచ్చిన తృప్తి ఈ ఇంట్లో ఇంకే పనీ ఇవ్వలేదు. అత్తగారు మటుకు, "ఆ ఫోనుకి అతుక్కుపోతే కూర మాడక ఏమవుతుంది," అనేవారు. కూర మాడిన రోజులు ఇంట్లో అందరికీ తేదీలతో సహా గుర్తు. టీకాలు పాడవకుండా కాపాడిన రోజులు ఎవరికి గుర్తుంటాయి? పాడవలేదు కదా.

తొమ్మిది రోజుల కిందట మధ్యాహ్నం మూడింటికి, జోరు వానలో, గొడుగు సిస్టరు ఫోను చేసింది. ఎండైనా వానైనా నల్ల గొడుగు లేకుండా బయటికి రాదని జిల్లా అంతా ఆమెని అలాగే అంటారు. జిల్లాకి ఆ చివర, ఇటుకల బట్టీల పక్కనున్న ఆరోగ్య కేంద్రం ఆమెది. కేంద్రంలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

"అమ్మా, కాన్పు గది పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడిందమ్మా. నీళ్లు స్విచ్చిబోర్డు మీంచి కారుతున్నాయి, గోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. సార్‌ని అడిగి చెప్పండమ్మా."

సార్ ఆ వేళకి వేరే ఊళ్లో, వేదిక మీద, షీల్డు అందుకుంటున్నాడు. ఆమె రిసీవరు పక్కన పెట్టి అలమర తలుపు తీసింది. పటం పక్కనే గర్భిణుల జాబితా. ఆ కేంద్రం కింద ఈ వారం నెలలు నిండినవాళ్లు ఇద్దరు. ఇరవై అయింది.

"సార్ చెప్పమన్నారు. కాన్పు గదికి తాళం వేసి బోర్డు పెట్టండి. నెలలు నిండిన ఆ ఇద్దర్నీ అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. డ్రైవరు సంగతి తెలుసుగా, గేటు దగ్గర దించేసి పోతాడు. మీరు కూడా వెంట వెళ్లండి."

"అలాగేనమ్మా. ఇప్పుడే బయల్దేరుతున్నానని సార్‌కి చెప్పండి."

జాబితాలో లేని ఒకతి ఉంది. బట్టీ పనికి అప్పటికి పది రోజుల కిందటే వచ్చిన పిల్ల, పట్టుమని ఇరవయ్యేళ్లు లేవు. మూడు నెలలు ఊళ్లో ఉంటేగాని పేరు ఎక్కించకూడదన్నది పైవాళ్ల నియమం. ఆ జాబితాకి గళ్లు గీసింది మాత్రం వంటింట్లో కూర్చున్న ఆమే. ఆ పిల్ల వదిన భుజం పట్టుకుని నాలుగు కిలోమీటర్లు వానలో నడిచి ఐదింటికి కేంద్రానికి చేరింది. తాళం. బోర్డు ఉంది, ఇద్దరికీ చదువు రాదు. వరండాలోనే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. పక్కన చెయ్యి తిరిగిన మనిషి ఒకరుంటే ఏడిపించేదేమో. ఆరింటికి లోపల గది కప్పు సగానికి సగం కూలి సరిగ్గా మంచం మీద పడింది. కాబట్టి తాళం వేయించడం తప్పు కాదు. ఆమెకి తెలుసు. ఆ కప్పు మరమ్మతు మూడేళ్లుగా ప్రణాళికలో మొదట రాస్తూ వచ్చింది. మూడేళ్లూ ఆ నిధులు ఆఫీసు మీటింగు హాలుకి ఏసీలుగానూ ముఖద్వారానికి రంగులుగానూ మారాయి, పైనుంచి వచ్చేవాళ్లు చూసేది ముఖద్వారమే కదా అని. అదీ ఆమెకి తెలుసు. ఇవన్నీ తెలిసినా గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా, అత్తగారి మాత్రలు విడదీసి పెడుతున్నా, 'మీరు కూడా వెంట వెళ్లండి' అన్న నాలుగు మాటలే చెవిలో తిరుగుతున్నాయి. మీరు ఉండండి, అని ఉంటే? డ్రైవరు గేటు దగ్గర దించేసినా ఆ ఇద్దరూ నడిచి లోపలికి వెళ్లేవాళ్లు కదా.

బిడ్డ పోయిన సంగతి పేపర్లో పడింది. ఎవరు తాళం వేయమన్నారని అడిగితే గొడుగు సిస్టరు, "మూడింటికి సార్ చెప్పించారు," అంది. అదే మూడింటికి సార్ వేదిక మీద ఉన్న ఫొటో అదే పేపర్లో, పక్క పేజీలో ఉంది. ఇంకేముంది, సిస్టరు అబద్ధాలకోరు అయిపోయింది.

భర్త వెళ్లిన గంటకి కాలింగ్ బెల్ మోగింది. అత్తగారు తలుపు తీసి, తిరిగొచ్చి, "నీ కోసమేనట. గొడుగు బయట పెట్టమన్నాను, నీళ్లు కారుతోంది," అన్నారు.

పదకొండేళ్లుగా వింటున్న గొంతుకి ఆమె ఏదో పెద్ద ఒళ్లు ఊహించుకుంది. వచ్చింది పిట్టంత మనిషి. సోఫా అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది.

"మీరు కూడా గొంతు కంటే చిన్నగా ఉన్నారమ్మా," అంది సిస్టరు, ఆమె మనసులో మాట విన్నట్టే. తర్వాత గొంతు తగ్గించి, "గొడవ పెట్టుకోడానికి రాలేదమ్మా. సార్ మర్చిపోయి ఉంటారు. ఆయనకి ఎన్ని పనులు! మీరు ఒక్కసారి గుర్తుచేయండి. నేను మూడింటికి చేశాను, మీరు ఫోను పక్కన పెట్టి వెళ్లి అడిగారు, అడిగొచ్చి చెప్పారు. వాళ్లేమో ఆ టైముకి సార్ స్టేజీ మీదున్నారంటున్నారు. నేనేదో నిద్రలో విన్నట్టు! మీరు ఇంకో ఫోన్లో సార్‌ని పట్టుకుని అడిగి ఉంటారు, అవునా? అంతే అయ్యుంటుంది."

తప్పించుకోడానికి దారి కూడా తనే వేసి ఇస్తోంది.

"పదకొండేళ్లలో సార్ ఇంటినుంచి చెప్పించిన మాట ఒక్కటి తప్పుపోలేదమ్మా. ఫ్రిజ్ పోయినప్పుడు, విరేచనాలు వచ్చినప్పుడు, అన్నీ. అదేం చిత్రమో, మీటింగులో ఎదురుగా అడిగితే మాత్రం సార్ అటూ ఇటూ చూస్తారు, ఏదీ తేల్చరు. మేమంతా అనుకుంటాం, ఇంట్లో ప్రశాంతంగా కూర్చుంటేనే సార్ బుర్ర పనిచేస్తుందని."

ఇంకో రోజైతే ఈ మాటకి ఆమె వంటింట్లోకి వెళ్లి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది. ఇప్పుడు నవ్వు సగం దాకా వచ్చి ఇంకేదో అయిపోయింది. దాన్ని మింగడానికి, "ఆ పిల్ల ఎలా ఉంది?" అని అడిగింది.

"రోజూ వెళ్లి చూసొస్తున్నా. మందు ఇస్తే తీసుకుంటుంది. నా మొహం మాత్రం చూడదు. ఎందుకు చూస్తుంది చెప్పండి? సస్పెన్షనుకి నాకేం భయం లేదమ్మా, రెండేళ్లలో రిటైరవుతాను. కానీ బిడ్డని చంపిన సిస్టరని రాసేసి పంపిస్తారు చూడండి..." ఆగి, చేత్తో మొహం తుడుచుకుంది. "సార్‌ని అడుగుతారు కదా?"

"అడుగుతాను," అంది ఆమె. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

సాయంత్రం భర్తకి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"రాశావా?"

"ఆ రోజు చెప్పింది నేను."

"తెలుసు," అన్నాడాయన టీ ఊదుకుంటూ.

తెలియదేమో, తెలిస్తే ఇలా అడగడేమో అని పొద్దున్నుంచీ లోపల ఎక్కడో ఒక చిన్న ఆశ పెట్టుకుందని, అది పోయాక గాని ఆమెకి తెలియలేదు.

"మరి?"

"మరి ఏమిటి? నేను చెప్పలేదన్నది నిజమే కదా. నిన్నేం అబద్ధం రాయమనట్లేదు."

"ఆవిడ తన ఇష్టానికి వెళ్లిపోయిందన్నది?"

"నాలుగు రోజులు సస్పెన్షను, తర్వాత నేనే ఏదైనా మంచి చోట వేయిస్తాను. అంతా సర్దుకుంటుంది." కప్పు కింద పెట్టాడు. గొంతు నిజంగానే మెత్తబడింది. "చూడు. పోనీ నీ పేరు చెప్పాననుకో. ఎవరు నువ్వు? నీకు ఆర్డరు ఉందా? హాజరుపట్టీలో పేరుందా? నా సంతకం లేకుండా నువ్వు రాసిన ముక్క ఒక్కటి ఆ ఆఫీసులో దొరుకుతుందా? ఎంత వెతికినా నువ్వు ఎక్కడా ఉండవు. లేని మనిషి చెప్పిందంటే ఎవరు నమ్ముతారు? నీ మంచికే చెబుతున్నా."

అంత ప్రేమగా చెప్పకపోయినా బాగుండేది. తిట్టి ఉంటే తిట్టుకి జవాబు వెతుక్కునేది. ఇప్పుడు వెతుక్కోవలసింది తననే. పదకొండేళ్ల కాగితాలూ ఒక్కొక్కటీ మనసులో తిరగేసి చూసుకుంది. ఎక్కడా లేదు. నిజమే చెప్పాడు.

అత్తగారు గదిలోంచే అన్నీ విన్నారు. "వాడికింకా ఆరేళ్ల సర్వీసుంది. తండ్రి లేని పిల్లాణ్ణి కళ్లల్లో పెట్టుకుని పెంచాను. నీ గొప్ప కోసం వాడి నోట్లో మట్టికొట్టకు తల్లీ," అన్నారు.

గొప్ప! చచ్చిపోయిన బిడ్డకి నేను జవాబుదారీ అని చెప్పుకోవడం ఈ ఇంట్లో గొప్ప. గిన్నెలు సర్దుతూ ఆ మాటనే నమిలింది. టీకాల శాతం పెరిగినప్పుడు ఎవరూ ఎవరు చేశారని అడగలేదు, అది నేరుగా ఆయన ఖాతాలోకి నడిచి వెళ్లిపోయింది. ఇప్పుడు ఈ ఒక్కటి మాత్రం ఆయన దగ్గరికి పోవట్లేదు, తన దగ్గరికి రావట్లేదు, దారిలో దొరికిన పిట్టంత మనిషి నెత్తినెక్కింది. అయినా తను మాత్రం తక్కువ తిన్నదా? సార్ చెప్పమన్నారు అన్నంతకాలం, మాట తప్పుపోతే సార్‌దే కదా అన్న ధీమా తనకీ లోపల్లోపల ఉండేది. ఆయన పేరు తనకి గొడుగు. ఆ గొడుగు కింద నిలబడి పదకొండేళ్లు జిల్లాకి వైద్యం చేసింది, ఒక్క చుక్క మీద పడకుండా. తడిసింది మాత్రం వరండాలో ఆ పిల్ల.

మర్నాడు పొద్దున నాలుగు లైన్లు రాసింది. 'ఆ రోజు తాళం వేయమని నేను ఆదేశించలేదు. ఆదేశించింది నా భార్య. పదకొండేళ్లుగా ఇంటి ఫోనులో నా పేరు మీద ఆదేశాలు ఇస్తున్నది ఆమే, అది నాకు తెలుసు. సిస్టరు తనకు అందిన ఆదేశాన్ని పాటించారు.' రెండు కామాలు తీసేసింది, ఒకటి మళ్లీ పెట్టింది. ఇంత మంచి వివరణ ఈ శాఖకి తను ఎప్పుడూ రాయలేదనిపించింది.

ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. కాగితం, పెన్ను అందించి, "చదివి పెట్టండి," అంది.

"కొత్తగా ఏమిటి?" అని నవ్వాడు.

"ఈసారి చదవండి. నిజంగా అంటున్నా."

"నువ్వు రాశాక నేను చదివేదేముంది," అని మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టేసి, ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన తన మీద ఉంచిన నమ్మకానికి ఆమె కాసేపు గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, చెప్పులేసుకుని, ఆఫీసుకి బయల్దేరింది.

ఆ ఆఫీసు ముఖద్వారం ఎలా ఉంటుందో కాగితాల్లో తప్ప ఎరగదు. రంగులు బాగానే వేశారు. సూపరింటెండెంటు ఎదురొచ్చి, "అమ్మగారూ! మీరేంటి? సార్ టిఫిన్ బాక్సు మర్చిపోయారా?" అన్నాడు కంగారుగా, చెయ్యి చాపుతూ.

"లేదండీ, తెచ్చుకున్నారు. నేను సాక్ష్యం చెప్పడానికొచ్చాను."

చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

మీటింగు హాల్లో చల్లగా ఉంది. విచారణాధికారి ఒక పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఒక పక్క భర్త, ఇంకో పక్క గొడుగు సిస్టరు. ఆమె లోపలికి రావడం చూసి భర్త సగం లేచి, ఏమనాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. పెద్దావిడ చేతిలోని వివరణ పైకి చదివింది. నాలుగు లైన్లే కదా, వెంటనే అయిపోయింది. ఆ కాస్త సేపట్లో ఆయన మొహంలో రంగులు మారడం ఆమె చూడదలచుకోలేదు, చూసింది.

"ఇది మీరు చదివే సంతకం పెట్టారా?" అంది పెద్దావిడ.

చదవలేదంటే, ఇంకేమేం చదవకుండా పెట్టారన్న ప్రశ్న వస్తుంది. ఆయన బల్లకేసి చూస్తూ, "చదివే పెట్టానండీ," అన్నాడు. అది భయమో, పంతొమ్మిదేళ్లలో ఒక్కసారైనా ఆమె మాటకి అడ్డు రాకూడదనుకున్నాడో, ఆమెకి అప్పుడూ తెలియలేదు.

పెద్దావిడ ఆమెకేసి తిరిగింది. "ఏ హోదాలో ఆదేశాలు ఇచ్చారమ్మా?"

"హోదా ఏమీ లేదండీ. ఫోను మోగేది, నేను ఎత్తేదాన్ని."

"సిస్టరు వెళ్లిపోవడం కూడా మీరు చెప్పిందే?"

"నేనే చెప్పాను. ఆవిడ ఉండి ఉంటే బిడ్డ బతికేదేమో. ఆ తప్పు నాది. ఆవిడది కాదు, సార్‌ది కాదు."

పెద్దావిడ చాలాసేపు రాసింది. రాసి, పెన్ను మూత పెట్టి, కొంచెం జాలిగానే, "సిస్టరు మీద ఆరోపణ నిలవదు. మీ వారి సంగతి పైవాళ్లు చూస్తారు. మీ మీద మాత్రం నేను ఏ చర్యా తీసుకోలేనమ్మా. మీరు మా శాఖలో లేరు," అంది.

శిక్షకి కూడా ఒక పోస్టు ఉండాలన్నమాట.

బయటికి వస్తుంటే గొడుగు సిస్టరు వెంట వచ్చింది. కృతజ్ఞత చెబుతుందేమో అని ఆమె భయపడింది. సిస్టరు చెప్పలేదు. "అయితే సార్... ఎప్పుడూ...?" అని ఆగిపోయింది.

"ఎప్పుడూ లేదు సిస్టర్."

"ఆ మందుల షాపు గొడవప్పుడు? నా కూతురికి జ్వరమొచ్చినప్పుడు సార్ ప్రత్యేకంగా కనుక్కోమన్నారన్నారు, అది?"

ఆమె తల అడ్డంగా ఊపింది. సిస్టరు గొడుగుని రెండు చేతులతో పట్టుకుని, కోపమో దుఃఖమో తెలియని మొహంతో మెట్లు దిగి వెళ్లిపోయింది. ఉద్యోగం దక్కింది. పదకొండేళ్లుగా నమ్ముకున్న సార్ పోయాడు.

వరండాలో గోడవార బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లున్నారు. సాక్ష్యానికి పిలిపించినవాళ్లు. పెద్దామె ఒక చిన్న గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. పక్కన పిల్ల. గుండెల మీద మడిచిన తువ్వాలు అదిమి పట్టుకుంది, అయినా చొక్కా రెండు వైపులా తడిసి ఉంది. పాలు. పది రోజులుగా వస్తున్నట్టున్నాయి, ఎవరికోసమో తెలియకుండా. ఆ పిల్ల గోళ్ల సందుల్లో ఇటుక మట్టి ఎర్రగా ఉంది.

హాలు తలుపు తెరిచే ఉంది. లోపలి మాటలన్నీ వాళ్లకి వినబడే ఉంటాయి.

"తాళం వెయ్యమంది నువ్వా?" అంది పిల్ల.

వదిన మోచేత్తో పొడిచింది. "అమ్మగారు. 'మీరు' అను."

"నువ్వేనా?"

"నేనే."

"సారు కాదా?"

"కాదు. సార్ ఊళ్లో లేరు. నేనే చెప్పాను."

పిల్ల ఆమెని కింద నుంచి పైదాకా చూసింది. చెప్పులు, చేతులు, మెడ, మొహం. ఇంతకాలంలో ఎవరూ ఆమెని అలా చూడలేదు. పని చేసిన మనిషిని చూసినట్టు. కళ్లు పొడిగా ఉన్నాయి, అందులో క్షమ లాంటిదేమీ లేదు. అలాంటిది ఉండాలని ఆమె ఆశించనూలేదు. అయినా ఆ చూపు కింద నిలబడటం కష్టంగా ఉంది. కదలకుండా నిలబడింది.

"గదికి తాళం వేస్తే వేశావు. గది బాగాలేదంట, తర్వాత చెప్పారు," అంది పిల్ల. "సిస్టర్ని కూడా ఎందుకు పంపేశావు?"

లోపల ఇంత పెద్ద విచారణ జరిగింది. ఈ 'ఎందుకు' మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె వెళ్లి బల్ల మీద, ఆ పిల్ల పక్కన కూర్చుంది. డ్రైవరు సంగతి దగ్గర్నుంచి, జాబితా సంగతి దగ్గర్నుంచి, ఒక్క ముక్క దాచకుండా చెప్పడం మొదలుపెట్టింది. "నేను ఏమనుకున్నానంటే..."